ఆఫీసరు గారికి అన్నం పెట్టకూడని రోజు

అదేనమ్మా దేవిశ్రీ, నేను చెప్పేదీ అదే. రొయ్య చచ్చిపోయాక మన ఊళ్ళో చావకుండా మిగిలింది ఒక్క మర్యాదే. అబ్బులు కొంప ముంచబోయింది కూడా అదే. నెమ్మదిగా చెప్తాను, నెమ్మదిగానే రాసుకో. తొందరేం లేదు, ఆ కాలవ నీళ్ళకి లేని తొందర మనకెందుకు?

నువ్వు పుట్టక ముందు సంగతి. యానాం వెళ్ళే దారిలో, కాలవ గట్టు పక్కన అబ్బులుకి ఐస్ ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీకీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. అటు కంప్రెసర్ గుడగుడమంటుంటే ఇటు వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. అప్పట్లో వరి చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. రొయ్యకి తల ఎటో తోక ఎటో తెలియనివాడు కూడా చెరువు తవ్వేశాడు. పట్టిన రొయ్య పాడవకూడదంటే ఐసు కావాలి. అబ్బులు ఫ్యాక్టరీ ముందు లారీలు బారులు తీరేవి. ఐసు దిమ్మ ఇంకా తొట్టిలో ఉండగానే 'నాదంటే నాది' అని కొట్టుకునేవారు. చెరువుల గట్ల మీద సాయంత్రమైతే యానాం మందు సీసాలు, రొయ్యల వేపుళ్ళు. అందరూ షావుకార్లే.

అంతలో తెల్లమచ్చ తెగులు వచ్చింది. రొయ్య ఒంటి మీద సున్నపు చుక్కలు పెట్టినట్టు తెల్లటి మచ్చలు. పొద్దున చూస్తే బాగానే ఉన్న చెరువు, మర్నాడు పొద్దునకి కంపు. షావుకార్లందరూ మళ్ళీ మామూలు మనుషులైపోయారు. ఇక ఐసు ఎవరికి కావాలి? పెళ్ళివాళ్ళకి, లేకపోతే శవం దగ్గర కూర్చున్నవాళ్ళకి. ఆ ఏడాది డబ్బుల్లేక పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. ముసలివాళ్ళు చూస్తే గుండ్రాళ్ళలా ఉన్నారు. అబ్బులు తొట్టి ఎండిపోయింది.

అబ్బులు బాధంతా ఆ కంప్రెసర్ గురించే. కోయంబత్తూరు నుంచి తెప్పించుకున్న మిషను. ఆకుపచ్చ రంగు, ఏనుగు పిల్లంత ఉండేది. శుక్రవారం శుక్రవారం దానికి బొట్టు పెట్టేవాడు. ఆగిపోయాక దుమ్ము పడకుండా తన దుప్పటి తీసి దానికి కప్పి, తను చాప మీద పడుకునేవాడు. అలాంటి మిషనుని పట్టుకుపోతామని బ్యాంకు వాళ్ళు కబురు పెట్టారు. ఫలానా సోమవారం లారీ తెస్తామన్నారు.

దానికి ఒకే ఒక్క విరుగుడు ఉంది. పరిశ్రమల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, ఫ్యాక్టరీని చూసి, 'ఇది ఖాయిలా పడింది, యజమాని తప్పేమీ లేదు' అని రాసి సంతకం పెడితే, రెండేళ్ళ పాటు మిషను జోలికి ఎవరూ రాకూడదు. ఈ రెండేళ్ళలో రొయ్య తిరిగి బతక్కపోతుందా అని అబ్బులు ఆశ. కాళ్ళరిగేలా తిరిగి ఆ ఆఫీసరు వచ్చేలా చేసుకున్నాడు.

వచ్చేవాడికి ఫ్యాక్టరీ దీనంగా కనపడాలి కదా. నెల్లాళ్ళ నుంచి బూజు దులపలేదు. ఐసు డబ్బాలు నాలుగు బోర్లించి, వాటి మీద ఊక చల్లాడు. కిటికీ తలుపు ఒకటి ఊడదీసి వంకరగా వేలాడదీశాడు. పడుకునే ముందు ఓసారి చూసుకుని, 'ఆహా, ఎంత దరిద్రంగా ఉంది' అని తృప్తిగా నిద్రపోయాడు.

పొద్దున లేచి చూస్తే ఫ్యాక్టరీ తళతళలాడుతోంది. గుమ్మం ముందు చుక్కల ముగ్గు. గుమ్మానికి మామిడాకులు.

"ఏమే సూరమ్మా! నా బూజులేవే?"

సూరమ్మ అంటే అబ్బులు భార్య. పైట చెంగు నడుముకి దోపి, చీపురు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"దులిపేశానండి."

"ఎందుకు దులిపావు? ఎంత బాగా పట్టాయో, రాత్రి చూసి మురిసిపోయాను కదే!"

"ఇంటికి పరాయి మనిషి వస్తుంటే బూజులుంచుతారా ఎక్కడైనా? మా పుట్టింటివాళ్ళు వింటే నా మొహాన ఉమ్మేస్తారు."

"ఆయనొచ్చేది ఇంటికి కాదే, ఫ్యాక్టరీకి."

"ఫ్యాక్టరీ ఎవరింట్లో ఉంది?"

అబ్బులు గబగబా ఊక తెచ్చి మళ్ళీ చల్లబోతుంటే గేటు దగ్గర హారన్ మోగింది. చూస్తే లారీ. లారీలోంచి బుల్లియ్య దిగాడు, పట్టు లాల్చీ వేసుకుని.

బుల్లియ్యది కాలవ అవతల గోలీ సోడాల ఫ్యాక్టరీ. సూరమ్మని చెల్లెమ్మా అంటాడు, ఆ లెక్కన అబ్బులుకి బావ. చెరువులు పోయాక సోడా తాగేవాడు లేక, మిగిలిన ఆ నలుగురూ కంపెనీ రంగు డ్రింకులకి అలవాటుపడి, అతని ఫ్యాక్టరీ కూడా పడకేసింది. కానీ లాల్చీ మాత్రం నలగనిచ్చేవాడు కాదు.

"ఈ లారీ ఏంటి బావా?"

"ఊరికే నిలబెట్టించాను. లారీ లేని ఐస్ ఫ్యాక్టరీ బోసిగా ఉండదూ? ఆఫీసరు గారు ఏమనుకుంటారు?"

"నేను పోయానని చెప్పుకోవాలిరా నాయనా! నువ్వు నన్ను పెళ్ళికొడుకుని చేస్తున్నావు!"

"పోయినా పద్ధతిగా పోవాలి బావా," అన్నాడు బుల్లియ్య.

అంతలో పాత పనివాళ్ళు నలుగురూ వచ్చేశారు. వాళ్ళు పని మానేసి చాలాకాలమైంది. ఎవరూ పిలవలేదు. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, తలకి నూనె రాసుకుని తొట్టి చుట్టూ నిలబడ్డారు. అదేమిటర్రా అంటే, "అంత పెద్దాయన వస్తే ఫ్యాక్టరీలో పురుగు కూడా లేకపోతే మీ పరువేం కావాలండి?" అన్నారు. అబ్బులు తొట్టి గట్టు మీద కూలబడ్డాడు.

ఆ ఆఫీసరు పేరు ఏసుపాదం గారు. కొవ్వూరు వైపు మనిషి, లూథరన్ చర్చిలో సంఘపెద్ద. సన్నగా, పొడుగ్గా, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో సంచీ. మాట మెత్తన. ఎవరి దగ్గరా కాఫీ డబ్బులు కూడా తీసుకోడని పేరు.

"ముందు ఫ్యాక్టరీ చూసేస్తానండి," అన్నాడు ఆయన గుమ్మంలోనే.

"చూద్దురు గానీ, ముందు కాళ్ళు కడుక్కోండి. ఎండనపడి వచ్చారు," అంది సూరమ్మ, చెంబు పట్టుకుని.

కాళ్ళు కడుక్కున్న మనిషిని నిలబెట్టి పంపుతారా? కుర్చీ వేశారు. కుర్చీలో కూర్చున్న మనిషికి మజ్జిగ ఇవ్వరా? ఇచ్చారు. మజ్జిగ తాగాక, భోజనాల వేళకి భోజనం పెట్టకుండా ఉంటారా? అరిటాకు వేసేశారు. పనసపొట్టు ఆవపెట్టిన కూర, గుత్తివంకాయ, ముద్దపప్పు, కొత్తావకాయ, మామిడికాయ పులిహోర, నెయ్యి పోయడానికి బొక్క పెట్టిన పూర్ణాలు, కత్తితో కోయాల్సినంత గడ్డ పెరుగు. ఆ పెరుగు ఎక్కడిదో, ఆ నెయ్యి ఎవరిదో అబ్బులుకే తెలియదు. వీధి వీధంతా తలో గిన్నె పట్టుకొచ్చినట్టుంది.

ఏసుపాదం గారు ఆకు ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి ప్రార్థన చేశాడు. "ప్రభువా, ఈ అన్నం కోసం నీకు వందనాలు. దీన్ని పెట్టిన ఈ ఇంటికి నువ్విచ్చిన సమృద్ధి కోసం వందనాలు. ఈ ఇంట ఏ కొరతా లేకుండా నిండుగా ఉంచినందుకు వందనాలు. ఆమెన్."

"ఆమెన్," అన్నారు పనివాళ్ళు నలుగురూ, పెద్దాయన ఒక్కడే అంటే బాగోదని.

తిన్నాడు. మారు వడ్డించారు. తినలేనన్నాడు. "మా చేతి వంట నచ్చలేదన్నమాట," అంది సూరమ్మ. మళ్ళీ తిన్నాడు. లేవలేకపోతే బుల్లియ్య జబ్బ పట్టుకుని లేపాడు. నడుం వాల్చమని మడతమంచం వేశారు. మంచం మీద మనిషి చల్లగా గుర్రు పెట్టాడు.

నిద్ర లేచాక ఫ్యాక్టరీలోకి వెళ్ళాడు. తొట్టి చూశాడు. డబ్బాలు చూశాడు. కంప్రెసర్ మీద దుప్పటి ఎత్తి చూసి, మళ్ళీ జాగ్రత్తగా కప్పాడు. తర్వాత పనివాళ్ళలో ఒకణ్ణి అడిగాడు.

"ఎలా నడుస్తోందయ్యా ఫ్యాక్టరీ?"

"తమ దయవల్ల బ్రహ్మాండంగా ఉందండి!"

అబ్బులు వెనకనుంచి వాడి తొడ గిల్లాడు. వాడు 'అబ్బా' అనడానికి బదులు, "చాలా బ్రహ్మాండంగా ఉందండి!" అన్నాడు.

ఏసుపాదం గారు కలం తీసి, కాసేపు గాల్లో ఆడించి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

"అబ్బులు గారూ, నేను గుడ్డివాణ్ణి కాదండి. తొట్టిలో చుక్క నీరు లేదు. ఆ లారీ అరువు తెచ్చిందని డ్రైవరే చెప్పాడు. ఇది పడకేసిన ఫ్యాక్టరీయేనని నాకు తెలుసు. కానీ నేను రాయలేను."

"అదేంటండి బాబూ, ఏం?"

"ప్రార్థన చేశాను కదండీ. ఈ ఇంట ఏ కొరతా లేదని దేవుడికి చెప్పాను. ఇంకా ఆ అన్నం అరగలేదు. ఇప్పుడు ఇదే ఇల్లు దివాలా తీసిందని ఆఫీసుకి చెప్పనా? ఇద్దర్లో ఒకరి దగ్గర అబద్ధమాడినవాణ్ణి కానూ?"

"దేవుడికి సర్దిచెప్పుకోవచ్చు కదండీ," అన్నాడు బుల్లియ్య.

"ఆఫీసుకైతే సర్దిచెప్పచ్చండి," అన్నాడు ఏసుపాదం గారు.

అబ్బులు మొహం చూసి ఆయనకే జాలేసింది. పోనీ ప్రార్థన చేయకుండా తినాల్సింది అనుకోడానికి లేదు, పుట్టి బుద్ధెరిగి అలా తిన్నవాడు కాదు. చివరికి తనే ఒక దారి చెప్పాడు.

"శుక్రవారం మళ్ళీ వస్తానండి. ఆ రోజు నాకు పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వకండి. కుర్చీ వేయకండి. రండి అని కూడా అనకండి. మీరెవరో నేనెవరో. రాసేసి, సంతకం పెట్టేసి వెళ్ళిపోతాను. అదే చేత్తో ఆ సాయంత్రం బుల్లియ్య గారి సోడా ఫ్యాక్టరీ కూడా చూస్తాను, ఆయనా అర్జీ పెట్టుకున్నారు. సోమవారం పొద్దున కాగితాలు ఆఫీసులో ఇచ్చేసి నేను సెలవు మీద వెళ్తున్నాను. తర్వాత ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో."

బ్యాంకు లారీ వచ్చేది కూడా ఆ సోమవారమే. అంటే అబ్బులు మిషను ఉంటుందో పోతుందో, ఒక మనిషికి ఒక పూట మంచినీళ్ళు ఇవ్వకుండా ఉండగలగడం మీద ఆధారపడి ఉంది. వినడానికి తేలికే. కానీ మనవాళ్ళు ఎవరైనా చేసి చూశారా? అంతకు ముందు ఎప్పుడూ లేదు. అందుకే సాధన మొదలుపెట్టారు.

బుల్లియ్య ఆఫీసరు వేషం కట్టాడు. గొడుగు పట్టుకుని గేటులోంచి వచ్చాడు. అబ్బులు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎందుకొచ్చారండీ?" అన్నాడు అబ్బులు.

"అంత ముద్దుగా అడిగితే ఎలా బావా? గొంతు కరుకుగా పెట్టు. గద్దించు."

"ఎందుకొచ్చారండీ!"

"ఆ అండీ ఎందుకు మధ్యలో? పీకెయ్."

అబ్బులు నోరు తెరిచాడు. ఎంత ప్రయత్నించినా మాట ఒట్టిగా బయటికి రావట్లేదు. "ఎందుకొచ్చా..." అని ఆగి, గుటక వేసి, "...రండి," అని ముగించాడు. చెమటలు పట్టేశాయి.

"పోనీ నువ్వు ప్రయత్నించు చెల్లెమ్మా. నేను మంచినీళ్ళు అడుగుతాను. నువ్వు లేవు అనాలి. అంతే. రెండక్షరాలు." బుల్లియ్య గొంతు పట్టుకుని, "అమ్మా, దాహంగా ఉందమ్మా!" అన్నాడు.

"లేవు," అంది సూరమ్మ గట్టిగా.

"శభాష్!"

"మంచినీళ్ళు లేవు, మజ్జిగుంది, కాస్త అల్లం, కరివేపాకు వేసి ఇవ్వనా?"

బుల్లియ్య గొడుగు కింద పారేశాడు. ఆ వారమంతా ఇదే తంతు. బుల్లియ్యకి మాత్రం ఈ విద్య బాగా పట్టుబడింది. ఇంటికి వెళ్ళి సొంతంగా కూడా సాధన చేసేవాడు. పాలవాణ్ణి, పోస్టుమేన్‌ని కూడా గుమ్మంలోంచే కసిరేసేవాడు. తన ఫ్యాక్టరీ వరకు భయం లేదని ధీమా పడ్డాడు.

సూరమ్మ ఉంటే పని జరగదని అందరికీ అర్థమైపోయింది. శుక్రవారం పొద్దున్నే అబ్బులు ఆవిణ్ణి బస్సెక్కించడానికి సంచీ సర్ది ఇచ్చాడు.

"మీ అక్కగారింటికి కొవ్వూరు వెళ్ళిపో. రేపు రా."

"అక్క ఊళ్ళో లేదండి, ధవళేశ్వరంలో మా పిన్ని మనవడి బారసాలకి వెళ్ళింది."

"అయితే ధవళేశ్వరం వెళ్ళు. ఎక్కడికైనా వెళ్ళు, ఇక్కడ మాత్రం ఉండకు. దండం పెడతాను."

సూరమ్మ కళ్ళు ఒత్తుకుంటూ వెళ్ళింది. "ఎండలో వచ్చేవాణ్ణి ఎండబెట్టి పంపుతారా? ఏ జన్మలో పాపమో," అని గొణుక్కుంటూనే వెళ్ళింది.

రోహిణి కార్తె ఎండ అది. కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చున్నాయి. ఏసుపాదం గారు రోడ్డు మీద బస్సు దిగి, గొడుగు వేసుకుని నడిచి వచ్చాడు. అబ్బులు ముందే వీధంతా చెప్పి ఉంచాడు కాబట్టి ఆయన్ని చూడగానే టపా టపా తలుపులు మూసేసుకున్నారు. అటు ఏడిళ్ళు, ఇటు ఏడిళ్ళు, ఒక్క తలుపు తెరిచి లేదు. కిటికీ సందుల్లోంచి మాత్రం కళ్ళు కనపడుతున్నాయి.

చిట్టెమ్మ గారని ఒకావిడ ఉండేది, ఒంటరి మనిషి. ఆవిడ తట్టుకోలేకపోయింది. కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, ఆకులో పెట్టిన తాటిముంజలు నాలుగు కిటికీ గట్టు మీద పెట్టి చెయ్యి లాగేసుకుంది. ఏసుపాదం గారు ఆగాడు. ముంజల వంక చూశాడు. అవి చల్లగా, తడిగా మెరుస్తున్నాయి. పెదాలు తడుపుకుని, "క్షమించమ్మా తల్లీ," అని రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ముందుకు నడిచాడు.

లోపల్నుంచి చిట్టెమ్మ గారు భోరుమంది.

ఫ్యాక్టరీలో అబ్బులు ఒక్కడే ఉన్నాడు. మళ్ళీ ఊక చల్లాడు, కిటికీ వంకరగా పెట్టాడు. కుర్చీలన్నీ ఇంట్లో పెట్టి తాళం వేశాడు. ఆఫీసరు గారు గుమ్మంలోకి రాగానే రెండు చేతులూ జోడించబోయి, సగంలో గుర్తొచ్చి, ఆ చేతులతో ఏం చేయాలో తెలియక బుర్ర గోక్కున్నాడు.

"వచ్చానండి," అన్నాడు ఏసుపాదం గారు.

"ఊఁ," అన్నాడు అబ్బులు. వారం రోజుల సాధనలో మిగిలింది అదొక్కటే.

"బాగుందండి. అలాగే ఉండండి."

ఆయన తొట్టి దగ్గరికి వెళ్ళాడు. ఎండిన తొట్టి లోపలికి తొంగిచూసి రాసుకున్నాడు. డబ్బాల తుప్పు గోరుతో గీకి చూసి రాసుకున్నాడు. చెమట కాగితం మీద పడకుండా చొక్కా చేతితో తుడుచుకుంటున్నాడు. ఎదురుగా అబ్బులు విసనకర్రని వీపు వెనక దాచుకుని నిలబడి ఉన్నాడు. ఆ చెయ్యి దానంతటదే ఊగుతోంది. పాపం, తన వీపుకే విసురుకుంటున్నాడు.

మధ్యలో ఏసుపాదం గారు తొట్టి గట్టు మీద కూర్చుని సంచీలోంచి చిన్న కేరేజీ తీశాడు. "ఈసారి ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నానండి. పెరుగన్నం," అన్నాడు. మూత తీశాడు. బస్సులో ఎండకి అది పులిసి బుడగలొచ్చేసింది. వాసన అబ్బులు దాకా వచ్చింది.

"ఒక్క ఆవకాయ బద్ద తెస్తానండి, దాంతో అయితే..."

"వద్దండి! బద్ద పడిందంటే మీ ఇంటి అన్నమే అయిపోతుంది!" ఆయన రెండు అరచేతులూ కేరేజీ మీద కప్పేశాడు.

"పోనీ ఉప్పు..."

"ఉప్పంటే మరీ ఘోరమండి!"

ఆ వాసనకి ముద్ద ఎత్తలేకపోయాడు. తర్వాత ఆయన మూత పెట్టేశాడు. లేచి కంప్రెసర్ దగ్గరికి వెళ్ళి, దుప్పటి ఎత్తి, చూసి, రాసి, చివరి పేజీకి వచ్చి ఆగాడు.

"అబ్బులు గారూ, గొంతు ఆర్చుకుపోతోందండి. మీరు 'మంచినీళ్ళు లేవు' అనండి, నేను సంతకం పెట్టేస్తాను. మీరు లేవన్నారని ఉంటే నా మనసుకి కూడా నిబ్బరంగా ఉంటుంది."

అబ్బులు మిషను వంక చూశాడు. మనిషి వంక చూశాడు. మిషను ఆకుపచ్చగా ఉంది, మనిషి నల్లగా కమిలిపోయాడు. గోడకి అవతలే కుండ నిండా చల్లటి నీళ్ళున్నాయి.

"లేవు," అన్నాడు. అండీ లేదు, ఏమీ లేదు. అని, కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చేశాడు.

ఏసుపాదం గారు టకటకా సంతకం పెట్టి, స్టాంపు వేసి, ఒక కాగితం అబ్బులు చేతిలో పెట్టి, ఇంకోటి ఆఫీసులో ఇవ్వడానికి సంచీలో దాచుకున్నాడు. "అయిపోయిందండి. ఊరుకోండి, చిన్నపిల్లాడిలా ఏంటది?" అని ఆయనే అబ్బులు వీపు నిమిరాడు.

సరిగ్గా అప్పుడు వెనక గుమ్మంలోంచి ఇంగువ పోపు వాసన వచ్చింది. వాసన వెనకే సూరమ్మ వచ్చింది, నెత్తి మీద పెద్ద గంపతో. ఆవిడ వెనక ఇంకో గంపతో బుల్లియ్య భార్య సంపూర్ణమ్మ.

"నువ్వు బస్సెక్కలేదా!" అన్నాడు అబ్బులు.

"ఎక్కానండి. వంతెన దాటగానే మనసాగక దిగిపోయాను. సంతకం అయిందా? అయిందో లేదో తెలియక గోడ పక్కన ఎంతసేపని నిలబడేది? పులుసు చల్లారిపోతోంది." అప్పటికే ఆవిడ ఆకు వేసేసింది. చెంబుతో నీళ్ళు అందించేసింది.

ఏసుపాదం గారు చెంబెత్తి గటగటా తాగేశాడు. ఆకు ముందు కూర్చోబోయి, సగం వంగి, అలాగే ఆగిపోయాడు. చెయ్యి మెల్లిగా సంచీ మీదికి వెళ్ళింది.

"కానీ అబ్బులు గారూ, ఈ కాగితం ఇంకా ఆఫీసులో ఇవ్వలేదండి. సోమవారం పొద్దున ఇవ్వాలి. ఇప్పుడు తింటే..."

అబ్బులు "తినకండి!" అని అరిచాడు. పుట్టాక ఆ మాట అనడం అదే మొదలు.

"తినండి," అంది సూరమ్మ ప్రశాంతంగా. "ఇది మా ఇంటి అన్నం కాదండి. బియ్యం బుల్లియ్య అన్నయ్య గారివి. పప్పు వాళ్ళది, నూనె వాళ్ళది, వండింది వాళ్ళ పొయ్యి మీద. ఆకు కూడా వాళ్ళ పెరట్లోదే. చెంబు చూడండి, వాళ్ళ పేరే చెక్కి ఉంది. మా ఇంటి ఉప్పురవ్వ ఒక్కటి కూడా లేదు. నేను వడ్డించానంతే."

"నిజమేనండి, అంతా మాదే," అంది సంపూర్ణమ్మ గర్వంగా.

ఏసుపాదం గారి మొహం విచ్చుకుంది. చెంబు తిప్పి పేరు చూశాడు. హాయిగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని, చేతులు జోడించాడు.

బుల్లియ్య ఇదేమీ ఎరగడు. కాలవ అవతల సోడా ఫ్యాక్టరీ ముందు గేటు దగ్గర, చిరిగిన బనీను వేసుకుని, మొహం గంటు పెట్టుకుని ఆఫీసరు కోసం కాపు కాస్తున్నాడు. పెరటి వైపు తన పొయ్యి మండుతున్న సంగతి తెలియదు. ఎంతకీ రాకపోయేసరికి, సంగతేంటో చూద్దామని వంతెన దాటి వచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టేసరికి చెవిన పడిన మాట ఇది:

"...ఈ అన్నం పెట్టిన బుల్లియ్య గారి ఇంటికి నువ్వు దయచేసిన సకల సమృద్ధి కోసం, ఆ ఇంట ఏ లోటూ లేకుండా..."

బుల్లియ్యకి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. ఆకులో తన బియ్యం. పక్కన తన చెంబు. తన సొంత పెళ్ళాం విసనకర్రతో విసురుతోంది.

"ఆగండి! ఆగండి బాబూ! ఆ మాట వెనక్కి తీసుకోండి! నాకే లోటూ లేకపోవడమేంటి, నాకన్నీ లోట్లే! ఆమెన్ అనకండి! మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆమెన్ అనకండి!"

ప్రార్థన మధ్యలో ఆపే మనిషి కాదాయన. "...నిండుగా ఉంచినందుకు వందనాలు. ఆమెన్."

"ఆమెన్," అంది సూరమ్మ, అందరికన్నా గట్టిగా.

"ఆమెన్," అంది సంపూర్ణమ్మ. తన ఇంటి గురించి అంత మంచి మాట అంటే అనకుండా ఎలా ఉంటుంది?

బుల్లియ్య తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. "చెల్లెమ్మా, నా కొంప ముంచావు కదే," అన్నాడు. సూరమ్మ నిజంగానే నొచ్చుకుంది. "అయ్యో అన్నయ్య గారూ, మీ అర్జీ సంగతి బుర్రలోనే లేదండి. వంట హడావిడిలో ఉన్నాను. ఉండండి, మీక్కూడా ఆకు వేస్తాను," అంది. ఆకలి మీద ఆఫీసరు గారికీ ఆ సంగతి తట్టలేదు. తన బియ్యమే కదా అని బుల్లియ్య కూడా కూర్చుని తిన్నాడు. రెండోసారి పులుసు పోయించుకున్నాడు కూడా.

సోమవారం బ్యాంకు లారీ రానే వచ్చింది. అబ్బులు గుమ్మంలో నిలబడి కాగితం చూపించాడు. వచ్చినాయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుని, "సరేనండి, రెండేళ్ళ దాకా దీని జోలికి రాం," అన్నాడు. లారీ వెనక్కి తిప్పబోతుంటే సూరమ్మ అడ్డం వెళ్ళింది.

"ఎండనపడి వచ్చారు, కాళ్ళు కడుక్కోండి."

అబ్బులు ఈసారి వద్దనలేదు. తనే వెళ్ళి కుర్చీలు తెచ్చి వేశాడు.

బుల్లియ్య సంగతంటావా? ఏసుపాదం గారు సెలవు ఒక రోజు వెనక్కి జరుపుకుని అతని కోసం ఇంకోసారి వచ్చాడు. అతని గుమ్మంలో పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. సంతకమయ్యాక చిట్టెమ్మ గారింట్లో కడుపు నిండా తిన్నాడు. ఆవిడకి ఏ ఫ్యాక్టరీ లేదు కాబట్టి ప్రార్థన ఎంత పొడుగ్గా చేసినా ఎవరూ కంగారుపడలేదు. తర్వాత రెండేళ్ళకి నాలుగు చెరువులు తేరుకున్నాయి, అబ్బులు దుప్పటి తీసి మిషనుకి బొట్టు పెట్టి మీట నొక్కాడు. గుడగుడమంది. ఆ శబ్దానికి పక్కింట్లో నా మధ్యాహ్నం నిద్ర పోయింది, అయినా నేనేమీ అనలేదు.

ఇంతే అమ్మా. కాగితం మడత పెట్టి దాచుకో. ఈసారి రాజమండ్రి వెళ్ళినప్పుడు మీ బాబాయి గణేష్‌బాబుని కూర్చోబెట్టి ఇది మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించు. వాడికీ ఈ మధ్య ఇలా ఊళ్ళు తిరిగి ఫ్యాక్టరీలు చూసే ఉద్యోగమే ఇచ్చారు కదా. ఎవరింటికి వెళ్ళినా సీసాలో నీళ్ళు తనే పట్టుకెళ్తున్నాడట, ఎవరేం పెట్టినా వద్దంటున్నాడట. సంతకమయ్యేదాకా సరే. అయ్యాక కూడా వద్దంటే ఆ ఇల్లాలు ఏమైపోతుందో, అది కూడా కాస్త ఆలోచించుకోమని నేను చెప్పానని చెప్పు.